బండి చప్పుడు వినబడకుండా పోయేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేవి నా గుండెల్లోని పిల్లికూతలు. చలికాలం వచ్చిందంటే చాలు, తెల్లవారకముందే అవి మొదలయ్యేవి. ఆ చప్పుడుకి అమ్మ లేచి, బొగ్గుల కుంపటి వాకిట్లోనే రాజేసి, నీళ్లు మరిగించి లోపలికి తెచ్చి నాకు ఆవిరి పట్టించేది. ఆ తర్వాత నా వీపు రాస్తూ, దేవుడి పటం వైపు చూస్తూ కూర్చునేది. అలా ఎన్ని ఉదయాలు కూర్చుందో తలుచుకుంటే, ఆవిడ రుణం ఏ జన్మకి తీరుతుందా అనిపిస్తుంది.

అప్పుడు మేము జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో ఉండేవాళ్లం. ఇంటికి ఒక పక్క ఉక్కు కార్ఖానా పొగ, ఇంకో పక్క రైల్వే యార్డు పొగ. పొద్దున్న తెల్లగా ఆరేసిన చీర సాయంత్రం బూడిదరంగు చీరై లోపలికి వచ్చేది. నాన్న రైల్వేలో పని చేసేవాడు, యార్డుకి అవతల వ్యాగన్లు బాగుచేసే చోట. అమ్మకి తండ్రి, మా తాతయ్య, ఆవిరి ఇంజిన్లు నడిపి రిటైరై మాతోనే ఉండేవాడు. ఆయన చుట్టలు మహా ఇష్టంగా కాల్చేవాడట. నా ఊపిరి సంగతి తెలిశాక కాల్చడం మానేసి, వెలిగించని చుట్టని వేళ్ల మధ్య తిప్పుకుంటూ కూర్చునేవాడు.

బడికి వెళ్లి వస్తూ దారిలో ఒకటి రెండుసార్లు కూలబడిపోయాక నన్ను బడి మాన్పించేశారు. అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాను, వరిపిండి పల్చగా పరిచిన నేల మీద. లెక్కలు తాతయ్య నోటితోనే చెప్పేవాడు. నాకు లోటేమీ అనిపించలేదు. కానీ ఆ ఏడు చలి ముదిరాక నన్ను చూసిన డాక్టరుగారు, ఈ పొగలో కష్టం, పిల్లకి గాలి మారిస్తే మంచిదేమో అన్నారు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. టెక్కలి దగ్గర పల్లెలో మా మేనత్త ఉంది. శివరాత్రి వెళ్లగానే నన్ను తీసుకెళ్లి అక్కడ వదిలిపెట్టాలని, రైల్వేవాళ్లకి ఇచ్చే ఉచిత ప్రయాణం పాసుకి కూడా అర్జీ పెట్టేశాడు.

మా అత్త మంచిదే. ఆ ఊరి గాలీ మంచిదేనట. కానీ అమ్మ లేని చోట ఎంత మంచి గాలి ఉంటే మాత్రం నాకెందుకు? రోజూ సింహాద్రి అప్పన్న పటం ముందు నిలబడి, స్వామీ, నీ దగ్గరున్న గాలిలో నాకు కాస్త ఇక్కడికే పంపించు అని దండం పెట్టుకునేదాన్ని. అమ్మ పక్కనే నిలబడి వినేది. నాన్న మాటకి నోటితో సరేనంది గానీ, నా బట్టలు సర్దే పని మాత్రం ఒక్కో రోజూ వెనక్కి నెడుతూ వచ్చింది.

ఆ రోజుల్లోనే ఊళ్లో ఇంకో పేట కద్మా నుంచి ఒక పెద్దాయన మా క్వార్టర్ల మైదానానికి వచ్చి పొద్దున్నపూట యోగాభ్యాసం చెప్పడం మొదలుపెట్టాడు. హిందీ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. డబ్బు తీసుకునేవాడు కాదు. ముందు వేగంగా శ్వాస తీసి వదిలే అభ్యాసం, ఆ తర్వాత కళ్లు మూసుకుని ధ్యానం. రెండూ కలిపి చేస్తేనే ఫలం అనేవాడు. అమ్మ నన్ను చూపించి అడిగితే, చివరి వరసలో కూర్చోబెట్టమన్నాడు. నువ్వు వేగం జోలికి వెళ్లకు, మెల్లగా తీసి మెల్లగా వదులు, "ధీరే ధీరే, బేటీ" అని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

అయితే ఆ శ్వాస ఎలా ఉండాలో చెప్పడానికి ఆయన కమ్మరి కొలిమితిత్తిని పోల్చి చెప్పాడు. ఇంకేముంది, మావాళ్లకి ఆ ఒక్క మాట చాలు. ఆ మైదానంలో కూర్చున్నవాళ్లందరూ నిప్పు దగ్గర బతికేవాళ్లే. సగం మంది కార్ఖానా కొలుముల దగ్గర, సగం మంది ఇంజిన్ల దగ్గర. ఎంత గాలి కొడితే అంత వేడి అని వీళ్లు, ఎంత బొగ్గేస్తే అంత ఆవిరి అని వాళ్లు. మాస్టారు ధీరే అంటున్నకొద్దీ వీళ్లు జోరు పెంచారు. రెండో రోజుకే అది అభ్యాసం కాస్తా పందెమైపోయింది. కార్ఖానాలో చేసే పక్కింటి మావయ్య ముందు వరసలో కూర్చుని, కప్పుకున్న శాలువా ఎగిరేలా ఊదేవాడు.

"ఏటి బావా, మీ ఇంజిన్‌కి బొగ్గు సాల్లేదేటి? సప్పుడే రాదు!" అని నాన్నని గిల్లేవాడు.

"మాది మెయిలు బండి. మీ కొలిమిలాగ ఒక్క కాడే కూకుని ఊదుకోం" అనేవాడు నాన్న, రొప్పుతూనే.

ఇక ధ్యానం సంగతి చెప్పనక్కర్లేదు. కళ్లు మూసుకోమంటే, ఎవరు మూసుకోలేదో చూడ్డానికి అందరూ కళ్లు తెరిచేవారు. ఇంతలో కార్ఖానా సైరన్ మోగేది, దులుపుకుని లేచి డ్యూటీకి పరిగెత్తేవారు. మాస్టారు నవ్వి, రేపైనా కూర్చోండి అనేవాడు. రేపూ అంతే.

నేను మాత్రం ఇంకో లెక్కలో ఉన్నాను. నాన్న మెచ్చుకునేలా ఊదగలిగితే, నా ఊపిరి బాగుందని ఆయనకి నమ్మకం కుదిరితే, నన్ను పంపించడు కదా! అందుకని ఒకరోజు పొద్దున్న, చివరి వరసలో కూర్చున్నదాన్ని కాస్తా నాన్న పక్కకి వచ్చి కూర్చుని, అందరితో సమానంగా ఊదడం మొదలుపెట్టాను. కాసేపు బాగానే ఉంది. నాన్న ఓరగా చూశాడు కూడా. ఆ చూపుతో ఇంకా జోరు పెంచాను. అంతలో చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. మూతి చుట్టూ చీమలు పాకినట్టయింది. ఎదురుగా కనిపిస్తున్న కార్ఖానా పొగగొట్టాలు ఒక పక్కకి ఒరిగాయి. ఆ తర్వాత నాకు తెలిసింది మాస్టారి గొంతు ఒక్కటే. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, మెల్లగా, ఇంకా మెల్లగా అంటూ నా ఊపిరిని ఒక దారికి తెస్తున్నాడు. తేరుకున్నాక ఆయన పెద్దవాళ్ల వైపు తిరిగి ఒకే మాట అన్నాడు. "మైనే క్యా కహా థా? ధీరే." నేనేం చెప్పాను, మెల్లగా అనే కదా అని. పక్కింటి మావయ్య తన శాలువా తీసి నాకు కప్పాడు.

నాన్న నన్ను ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మంలోనే అమ్మతో చెప్పేశాడు. "ఇంక నువ్వేటీ సెప్పకు. పిల్ల ఇక్కడుంటే దక్కదు. పాసు వచ్చీగానే ఎల్లిపోడమే." గొంతు గట్టిగానే ఉంది గానీ, నన్ను మంచం మీద దింపి దుప్పటి రెండుసార్లు సర్ది కప్పాడు. నా ఊపిరి బాగుందని చూపించాలనుకున్న చోటే నేను ఓడిపోయాను. ఏడుద్దామంటే ఏడవడానికీ ఊపిరి కావాలి కదా, గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తాతయ్య ఆ యోగాభ్యాసానికి ఒక్కరోజూ రాలేదు. ఏం అని ఎవరైనా అడిగితే, బతుకంతా ఇంజిన్‌తో పాటే ఊదీసినాను, ఇంకేటి ఊదుతాను అనేవాడు. ఆ సాయంత్రం మాత్రం నా మంచం దగ్గరికి వచ్చి, రాయే గుంటా, బండి సూద్దాం అని చెయ్యి పట్టుకుని లేపాడు. ఇంటి వెనక అరుగు మీద కూర్చుంటే యార్డు మొత్తం కనిపించేది. పొడుగాటి గూడ్సు ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఇంజిన్ నల్లగా, చెమటపట్టిన ఏనుగులా నిలబడి ఉంది. సిగ్నల్ పడింది.

ఆ డ్రైవరు కొత్తవాడో, తొందరలో ఉన్నాడో తెలియదు. ఒక్కసారిగా ఆవిరంతా చక్రాల మీదికి వదిలేశాడు. ఇంజిన్ చకచకచకమని గసపెట్టింది. ఆ పెద్ద చక్రాలు పట్టాల మీద గిర్రున తిరిగాయి, నిప్పురవ్వలు లేచాయి. బండి మాత్రం అంగుళం కదల్లేదు. తాతయ్య తొడ చరుచుకుని నవ్వాడు.

"సూసినావా? పొద్దున్న నువ్వు సేసింది ఇదే! సక్రం తిరిగింది గానీ బండి కదిల్లేదు."

నాకూ నవ్వొచ్చింది. ఆ రోజంతటిలో అదే మొదటి నవ్వు. తాతయ్య అప్పుడు చెప్పాడు. నువ్వు చేతగానిదానివి కావు, ఆవిరి లేనిదానివీ కావు. వెనకాల అంత బరువు పెట్టుకుని మొదటే జోరు చేస్తే ఎంత పెద్ద ఇంజినైనా జారిపోతుంది. ఆ డ్రైవరు ఏం చేస్తాడో ఇప్పుడు చూడు అన్నాడు. డ్రైవరు ఆవిరి మూసేశాడు. చక్రాలు జారకుండా పట్టాల మీద కాస్త ఇసుక పడింది. మళ్లీ తెరిచాడు, ఈసారి కొద్దిగా. ఇంజిన్ ఒక్క పొడుగాటి నిట్టూర్పు విడిచింది. చాలాసేపటికి ఇంకోటి. బండి కదిలింది.

"ఇప్పుడు దాంతో పాటు నువ్వూ వదులు. తియ్యడం గురించి నీకెందుకు? వదిలీ. లోపల కాళీ అయితే గాలి దానంతటదే వత్తాది."

నా జీవితంలో ఆ మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆయాసం వచ్చిన ప్రతిసారీ నేను గాలిని లాక్కోవాలనే పెనుగులాడేదాన్ని. వదలడమంటే భయం, వదిలితే మళ్లీ రాదేమోనని. తాతయ్య చెయ్యి నా వీపు మీద ఉంది కాబట్టి ధైర్యం చేసి, ఇంజిన్‌తో పాటు నోటితో పొడుగ్గా వదిలాను. మధ్యలో దొరికిన ఆ ఖాళీలో గాలి నిజంగానే దానంతటదే వచ్చింది. ఇంజిన్ వేగం పుంజుకుంది. నేనూ పుంజుకున్నాను. పొద్దున్న నన్ను పడగొట్టిన జోరులో సగం దాకా, ఏ తిమ్మిరీ లేకుండా వెళ్లాను.

"సాలు, ఆపీ. నీకు సాలినకాడ ఆపీడమే. బండి మనకోసం ఆగదు, మనం బండి కోసం సావక్కర్లేదు" అన్నాడు తాతయ్య. తర్వాత కళ్లు మూసుకోమని, చెవి దగ్గరికి వంగి ఒక పని చెప్పాడు. "ఆ సప్పుడు వినబడ్డం ఎక్కడ ఆగిపోనాదో నాకు సెప్పాల. తొందరపడి సెప్పకు."

అది పెద్ద పనే అనుకుని చెవులు రిక్కించాను. బండి సిగ్నల్ క్యాబిన్ దాటింది. వంపు తిరిగింది, చప్పుడు ఒక పక్కకి ఒరిగింది. ఎక్కడో ఇనప వంతెన ఎక్కింది, కాసేపు డొల్లగా మోగింది. తర్వాత దారమంత సన్నబడింది. ఆగిందా అనుకుంటే ఇంకా ఉంది. లేదనుకుంటే ఉన్నట్టే ఉంది. దాని వెనకాలే వెళ్లాను. ఎంత దూరం వెళ్లానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి సందులో దీపాలు పెట్టేశారు, తులసికోట దగ్గర అమ్మ దండం పెట్టుకుంటోంది. తాతయ్య వెలిగించని చుట్ట పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నా గుండెల్లో ఒక్క పిల్లికూత లేదు. అంత నిశ్శబ్దం నా లోపల ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎక్కడ ఆగింది అని అడిగాడు. తెలియలేదన్నాను. "అయితే రేపు మళ్లీ కూకుందాం" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

రేపు మళ్లీ కూర్చున్నాం. ఎల్లుండీ కూర్చున్నాం. నేను బండి వింటున్నాననే అనుకున్నాను గానీ, మాస్టారు చెప్పే రెండు పనులూ ఆ అరుగు మీదే చేసేస్తున్నానని నాకు తోచలేదు. తాతయ్య వెళ్లి మాస్టారికి చెబితే ఆయన పగలబడి నవ్వి, నేను చెప్పేదీ అదే కదా అని తాతయ్యని కౌగిలించుకున్నాడు. మర్నాటి నుంచి మైదానంలో కూడా ఊపిరి అభ్యాసం అయిపోగానే, పొద్దున్న వెళ్లే ప్యాసింజరు చప్పుడు పోయేదాకా వినమన్నాడు. పక్కింటి మావయ్య మొదటిసారి కళ్లు తెరవకుండా కూర్చున్నాడు. సైరన్ మోగినా కదల్లేదు. నాన్న తట్టి లేపితే, "ఉండు బావా, బండి ఇంకా పోలేదు" అన్నాడట.

మందు మానలేదు. డాక్టరుగారు ఇచ్చిన సీసా వేళకి తాగుతూనే ఉన్నాను. పిల్లికూతలు కొన్ని ఉదయాలు వచ్చేవి కూడా. అయితే అవి వచ్చినప్పుడు ఇదివరకటిలా గాలి కోసం గోడలు గీరేదాన్ని కాదు. వదిలేదాన్ని, ఖాళీ కోసం కనిపెట్టేదాన్ని. భయం సగం తగ్గితే ఆయాసం సగం తగ్గినట్టే ఉండేది. ఇది అమ్మకి తెలుసు, తాతయ్యకి తెలుసు. నాన్న మాత్రం ఎవరం చెప్పినా వినిపించుకోలేదు. పాసు వచ్చేసింది.

నాన్నకి మధ్యాహ్నం క్యారేజీ తాతయ్యే తీసుకెళ్లేవాడు. యార్డు దాటాలంటే పట్టాల మీదుగా కట్టిన నడక వంతెన ఎక్కాలి. నిటారు మెట్లు. అప్పటిదాకా ఆ వంతెనని ఎవరో ఒకరి చంక ఎక్కకుండా నేను దాటింది లేదు. శివరాత్రి ఇంకా ముందుందనగా, ఒకరోజు తాతయ్య నన్నూ తోడు రమ్మన్నాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి కింది మెట్టు మీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

"ఓలమ్మో, పట్టీసినాదే! అడుగు పడదు. మీ నాన్న ఆకలితో ఉంటాడు, క్యారేజీ నువ్వట్టుకెళ్లు."

నేను మెట్ల వైపు చూశాను. తాతయ్య ముఖం చూశాను. నిజంగానే బాధపడుతున్నట్టు ఉన్నాడు. క్యారేజీ అందుకుని, అప్పన్నస్వామిని ఒక్కసారి తలుచుకున్నాను. తర్వాత పొడుగ్గా ఊపిరి వదిలి మొదటి మెట్టు ఎక్కాను. వదలడం, ఒక మెట్టు. ఖాళీ. వదలడం, ఇంకో మెట్టు. నా వెనకాల గూడ్సు పెట్టెలన్నీ తగిలించి ఉన్నట్టు నడిచాను. సగంలో, ఎప్పుడూ గుండె పట్టేసే చోట, కాళ్లు తొందరపెట్టాయి. జారిపోతావు, జారిపోతావు అని నాకు నేనే చెప్పుకుని ఆవిరి తగ్గించాను. పై మెట్టు ఎక్కేసరికి గాలి ముఖానికి కొట్టింది. కింద పట్టాలన్నీ ఎండలో మెరుస్తున్నాయి. అంత ఎత్తు నుంచి నా కాళ్ల మీద నేను నిలబడి మా ఇంటిని చూడడం అదే మొదలు. అక్కడి నుంచి ఆవిరి మూసేసిన బండిలా అవతలి మెట్లు తేలిగ్గా దిగిపోయాను.

నాన్న వ్యాగను పక్కన నిలబడి నూనె చేతులు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, నా వెనకాల ఎవరైనా ఉన్నారా అని చూశాడు. ఎవరూ లేరు.

"నాన్నా, అమ్మ నీకిష్టమని వంకాయ కూర వండింది, సల్లారిపోకముందే తినీ, తాతకి మోకాలు పట్టీసినాదని నేనే ఎక్కి దిగి వచ్చీసినాను."

ఆ మాటంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. మధ్యలో ఆగలేదు, గసపెట్టలేదు. అంతకుముందు చలికాలంలో నేను నాన్నతో మాట్లాడిందంతా ముక్కలు ముక్కలుగానే. నాన్న చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. మళ్లీ చెప్పవే అన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి కావాలని ఇంకాస్త పొడుగు చేసి. ఆయన చేతుల నూనె సంగతి మరిచిపోయి నా రెండు చెంపలూ పట్టుకున్నాడు. నా ముఖం నల్లనైపోయింది. ఇద్దరం నవ్వాం. నాన్న కళ్లు మాత్రం నవ్వడం లేదు, నీళ్లతో ఉన్నాయి.

అంతలో చూస్తే, పట్టుకుపోయిన మోకాలితో తాతయ్య అవతలి వైపు నుంచి వంతెన ఎక్కి, ఇవతలి మెట్లు టకటకా దిగి వస్తున్నాడు. నేను ఎక్కుతున్నంతసేపూ పది మెట్ల వెనకాలే ఉన్నాడట, పడితే పట్టుకుందామని. నేను దిగాక పైనే ఆగి మమ్మల్ని చూశాడట.

"ఏటి మావా, మోకాలు?" అన్నాడు నాన్న.

"సిగ్నల్ పడింది, వచ్చీసినాను" అన్నాడు తాతయ్య.

ఆ పూట వ్యాగను నీడలో ముగ్గురం ఒకే క్యారేజీలో తిన్నాం. టెక్కలి మాట నాన్న ఇంకెప్పుడూ ఎత్తలేదు. వచ్చిన పాసు వృథా పోలేదు, నాన్న దాన్ని సింహాచలం దాకా, అందరి పేర్లతో మార్పించాడు. నన్ను ఒక్కదాన్ని వదిలి రావడానికి కోరిన ప్రయాణం అందరం కలిసి చేశాం. సింహాచలం మెట్లు తాతయ్య వేలు పట్టుకుని ఎక్కాను. పట్టుకున్నది ఆయన కోసమే సుమా, ఈసారి ఆయన మోకాలు నిజంగానే నొప్పిపెట్టింది.

ఇప్పుడు ఆ ఇంజిన్లు లేవు. తాతయ్య లేడు, నాన్న లేడు. వాళ్లందరినీ నాకు ఇచ్చిన స్వామికి రోజూ దీపం పెట్టేముందు పీట మీద కూర్చుంటాను. మొదట మెల్లగా, తర్వాత కాస్త వేగంగా, నాకు చాలినకాడ ఆపేస్తాను. కళ్లు మూసుకుంటే ఆ గూడ్సు కదులుతుంది. క్యాబిన్ దాటుతుంది, వంపు తిరుగుతుంది, వంతెన ఎక్కుతుంది. నా పురిటిగదిలో వెళ్లింది ఆ బండే. మా ఆయన ఆపరేషన్‌కి తలుపులు మూసుకున్నప్పుడు, బయట బల్ల మీద కూర్చుని నేను విన్నదీ ఆ బండినే. సన్నగా, దారంలా, ఉందో లేదో తెలియనట్టు.

ఎక్కడ ఆగిపోయిందో చెప్పమని తాతయ్య నన్ను అడిగాడు. తొందరపడి చెప్పొద్దన్నాడు. ఇంత వయసు వచ్చింది, ఇంకా చెప్పలేదు. నాకు ఇంకా వినబడుతూనే ఉంది మరి.